మా దిక్కే ఎందుకక్కా?

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక ఊరి నుంచి ఏడు పేజీల ఉత్తరం వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టొద్దని రాసినావిడ కోరారు. వయసు 34, డిగ్రీ చదివారు, ఇద్దరు పిల్లలు. మహిళలకు కేటాయించిన స్థానంలో మొదటిసారి నిలబడి సర్పంచిగా గెలిచారు. ఊళ్లో 1,900 దాకా ఓట్లున్నాయి.

ఆవిడ కష్టం ఇది. ఊరి చెత్తంతా ఇన్నాళ్లూ చెరువు కట్ట పక్కన పోస్తున్నారు. వానాకాలం నీళ్లలో కలుస్తుంది, ఎండాకాలం తగలబెడతారు. డంపింగ్ యార్డుకు స్థలం చూపించమని మండలం నుంచి ఒత్తిడి వస్తోంది. ఊరి పెద్దలు ఆవిడ ఇంట్లోనే కూర్చుని, ఎస్సీ వాడ శ్మశానానికీ వాగుకూ మధ్యనున్న ఎకరం పద్దెనిమిది గుంటల (నలభై గుంటలు ఒక ఎకరం) సర్కారు జాగాను ఖాయం చేశారు. కార్యదర్శి తీర్మానం రాసి తెచ్చారు. సంతకం మిగిలింది. ఈలోగా వాడలో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు ఎదురొచ్చి, 'అక్కా, మా దిక్కే ఎందుకు?' అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పలేకపోయారు.

ఊరికి బంచరాయి, అంటే పశువుల మేతకు వదిలిన భూమి, ఉంది. పాత పహాణీలో (ఊరి భూముల రికార్డులో) 23 ఎకరాలు, కళ్లకు కనిపించేది 11 ఎకరాలు. మిగతా పన్నెండూ ఎనిమిది కుటుంబాల సాగులో ఉన్నాయి. వాటిలో ఐదెకరాలు ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక మాజీ నాయకుడి ఇంటివి. నాలుగు ఎస్సీ కుటుంబాలు తలా అరెకరం దున్నుకుంటున్నాయి, వాళ్లకు వేరే భూమి లేదు. రెండెకరాల పది గుంటలు ఆవిడ బావగారి కింద ఉన్నాయి. మామగారి కాలం నుంచి అక్కడ పత్తి వేస్తున్నారు. 'ఆ పత్తి పైసల్లో మా పిల్లల ఫీజులకూ కొంత వచ్చేది' అని ఆవిడ దాచకుండా రాశారు. బంచరాయి మాటెత్తితే అన్నదమ్ములు విడిపోతారని భర్త అంటున్నారు. 'యార్డు అక్కడ వద్దంటే మీ బావ దున్నే భూమిలో పెట్టమని అడుగుతారు, ఊరుకోండి' అని పెద్దలు నవ్వుతూ చెప్పారట. చివర్లో ఆవిడ ఇలా అడిగారు: 'నిద్ర పట్టట్లేదు. సంతకం పెట్టాలా, రాజీనామా చెయ్యాలా?'

అమ్మా, ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ రెండు దారులే ఉన్నాయని మీకు అనిపించేలా చేసింది ఎవరో ముందు చూద్దాం. నిజానికి మీ ముందున్నవి మూడు ముడులు. ఊరి చెత్త ఎక్కడికి పోవాలన్నది ఒకటి. బంచరాయి ఎవరి చేతిలో ఉందన్నది రెండోది. మీ ఇల్లు మూడోది. ఈ మూడింటినీ కలిపి ఒకే తాడుగా పేని మీ చేతికిచ్చారు. ఎటు లాగినా మీ ఇంటికే తగులుతుందని మీకు భయం. యార్డుకు కావలసింది మహా అయితే ఎకరం. దానికోసం మీ బావగారి పొలం మీదకే పోనక్కర్లేదు. ఆ సంగతి పెద్దలకు తెలియక కాదు. బంచరాయి కొలతలు బయటికి రాకుండా ఉండాలంటే మీరు భయపడాలి. ఆ నవ్వుకు అర్థం అదేనని నాకు అనిపిస్తోంది.

ఇక భూమి సంగతి. 'సర్కారు జాగా' అని మనం ఒక్క మాటతో చెప్పేస్తాం, అందులో చాలా రకాలున్నాయి. బంచరాయి గొడ్లకూ జీవాలకూ మేతకోసం వదిలింది. శిఖం చెరువు కడుపు. ఎండాకాలం ఖాళీగా కనిపిస్తుంది కనుక అందరి కన్నూ దానిమీదే పడుతుంది, ఎవరు సూచించినా దాని జోలికి మాత్రం పోకండి. గ్రామకంఠం ఇళ్లకోసం ఉన్నది. శ్మశానం, బాటలు వేరు. రికార్డులో వీటికి సొంతదారు ప్రభుత్వమే అయినా బాగోగులు చూసుకోవలసింది పంచాయతీ. అందుకే ఒక అవసరానికి వదిలిన భూమిని ఇంకో అవసరానికి మళ్లించాలంటే మీ తీర్మానం ఒక్కటే చాలదు, తహసీల్దారు ద్వారా పైనుంచి అనుమతి రావాలి. మీ సంతకంతోనే అంతా అయిపోతుందన్నట్టు మాట్లాడుతున్నవాళ్లు సగమే చెబుతున్నారు.

వాళ్లు ఎంచిన జాగానే చూడండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో చెత్త పూడ్చే స్థలానికి దూరాలు చెప్పారు: నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇళ్లకూ తాగునీటి బావులకూ 200 మీటర్లు. ఆ నియమాలు ప్రధానంగా పట్టణాల కోసం రాసినవి. అయినా ఊరికి అంతకంటే మంచి కొలబద్ద ఏముంది? మీరు రాసినదాన్ని బట్టి ఆ జాగాకు ఒకపక్క వాగు, ఇంకోపక్క సమాధులు, సమాధుల వెంటనే ఇళ్లు. ఒక్క పెద్ద వానకు చెత్త వాగులో పడుతుంది. చెరువు కట్ట నుంచి తీసి వాగు ఒడ్డున పోసినందువల్ల ఊరికి ఒరిగేదేమిటి?

ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్లో ఎవరికీ వద్దనిపించినవన్నీ వాడ వైపుకే నడుస్తాయి. అక్కడైతే గట్టిగా అడిగేవాళ్లు ఉండరనే ధీమాతో అలా జరుగుతూ వచ్చింది. అవమానించాలనే, బాధపెట్టాలనే ఉద్దేశంతో ఎస్సీ, ఎస్టీల ఇళ్ల పరిసరాల్లో చెత్త వేయడం అట్రాసిటీ చట్టం కింద నేరం. మీ తీర్మానమే నేరమని నేననడం లేదు, అక్కడ ఉద్దేశం రుజువు కావాలి. కాని ఆ చట్టంలో అలాంటి క్లాజు ఎందుకు రాయవలసి వచ్చిందో పెన్ను తీసే ముందు ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు దారులు. మొదటిది సంతకం. పెడితే మండలం శాంతిస్తుంది, బావగారు శాంతిస్తారు, రెండు నెలలు మీకు నిద్ర పడుతుంది. తర్వాత వాడలో ఎవరు చనిపోయినా మట్టి చేయడానికి వెళ్లినవాళ్లు ముక్కు మూసుకుని నిలబడతారు. పొగ ఏళ్ల తరబడి ఉంటుంది. మీ పదవీకాలం ఐదేళ్లే.

రెండోది, సంతకం పెట్టకుండా సాగదీయడం. ఇది కొంతకాలం బాగానే ఉంటుంది. ఈలోపు చెత్త చెరువు కట్ట పక్కనే పడుతుంటుంది, పైనుంచి నోటీసులొస్తాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచి మీద చర్య తీసుకునే అధికారం కలెక్టరుకు ఉంది. 'ఆమెకు చేతకాలేదు' అన్న మాట ఊళ్లో తేలిగ్గా పుడుతుంది, ఆడవాళ్ల విషయంలో మరీ తేలిగ్గా. ఊరికే సాగదీయకండి. కాని కొలిపించడానికి, అడగడానికి కావలసినంత గడువు రాతపూర్వకంగా కోరండి. ఫలానా తేదీన సర్వేకు దరఖాస్తు పెట్టాం, ఫలానా గ్రామసభలో స్థలం ఖాయం చేస్తాం అని ఎంపీడీవోకు లేఖ పంపితే అది సాకు కాదు, పని జరుగుతోందనడానికి కాగితం.

మూడోది రాజీనామా. మీరు ఇంటికి వెళ్లిపోయినా ఆ కాగితం అక్కడే ఉంటుంది, సంతకం ఉపసర్పంచి పెడతారు. దీని గురించి ఇంతకంటే రాయను.

నాలుగోది కష్టమైన దారి, నా మనసు అటే ఉంది. మీరు దాన్నే పట్టాలని మాత్రం అనను, ఎందుకో చివర్లో చెబుతాను. ముందు కొలత, తర్వాత చూడ్డం, ఆ తర్వాత అడగడం, చివర తీర్మానం. మీ ఊళ్లో ఇది తలకిందులుగా మొదలైంది.

కొలత అంటే పాత పహాణీ, సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల జాబితా), గ్రామ నక్ష (ఊరి పటం), టిప్పన్ (సర్వే నంబరు కొలతల చిత్తు) నకళ్ల కోసం తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు చేయడం, మండల సర్వేయరుతో హద్దులు తేల్చడం. 23 ఎకరాలన్నది కాగితం మీద నిజమేనా, 11 అన్నది మీ కంటి అంచనానా? పట్టుకున్నవాళ్లలో ఎవరికైనా లావుణి పట్టా, అంటే పేదలకు సర్కారు భూమి ఇస్తూ రాసిచ్చిన పట్టా, ఉందా? ఉంటే అది ఆక్రమణ కాదు, వాళ్లకిచ్చిన భూమి. అమ్మడం, కొనడం మాత్రం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఒప్పుకోదు. ఇవి తేలకుండా గ్రామసభలో బంచరాయి ఊసెత్తితే కేకలు తప్ప ఏమీ మిగలవు.

చూడడమంటే నడవడం. రెండు మూడు జాగాలు అనుకోండి, ఒక ఉదయం అందరూ కలిసి నడవండి. గొల్ల కురుమల్లో జీవాలు తోలేవాళ్లు రావాలి. 2017లో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సర్కారు పంచింది. మందలు పెరిగిన చోటే మేత భూమి తరిగిపోయింది. ఉన్న 11 ఎకరాల్లో ఎకరం తీస్తే వాళ్లకు ఏం పోతుందో వాళ్ల నోటే వినాలి. ట్రాక్టరు తోలే అతను, ఊరు ఊడ్చే సఫాయి కార్మికులు రావాలి. వానాకాలం ఏ బాటలో బండి దిగబడుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంజినీరుకు కూడా తెలియదు. వాడ ఆడవాళ్లు రావాలి. నేను ఇరవై ఏళ్లు మహిళా సంఘాలతో ఊళ్లలో తిరిగాను. ఒక ఊళ్లో చెత్త షెడ్డును చాకలి రేవు పక్కన కట్టారు. రేవుకు పోయేవాళ్లను ఒక్క మాట అడగలేదు. కట్టిన నెలలోనే గొడవ, షెడ్డుకు తాళం, చెత్త మళ్లీ రోడ్డు మీదే కాలింది. ఆ తాళం తుప్పు పట్టడం నేను చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, ఒక్క సాయంత్రం కూర్చుని అడిగి ఉంటే తప్పిపోయేది.

అడగడం దగ్గర ఒక చిక్కుంది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టం చెబుతుంది, కనుక వేదిక మీ చేతిలోనే ఉంది. కాని చేతులెత్తించి లెక్కపెడితే ఏమవుతుంది? వాడ ఓట్లు ఎన్ని, తక్కిన ఊరి ఓట్లు ఎన్ని? 'గ్రామసభే ఒప్పుకుంది' అంటూ అదే జాగాను ఇంకా గట్టిగా ఖాయం చేసుకోవచ్చు. అందుకే గ్రామసభకు వారం ముందే వాడలో విడిగా కూర్చోండి. జీవాలవాళ్లతో విడిగా కూర్చోండి. మహిళా సంఘం సమావేశం రోజున వాళ్లతో కూర్చోండి. ఎవరికి నష్టం తగులుతుందో వాళ్ల అభ్యంతరాన్ని వాళ్ల మాటల్లోనే రాయించి, గ్రామసభలో మొదట అదే చదివించండి. తీర్మానం పుస్తకంలోకి అది ఎక్కిందో లేదో సంతకం పెట్టే ముందు చూసుకోండి. సభ గుడి ముందు కాకుండా బడి ఆవరణలో పెడితే వాడవాళ్లు అంచున నిలబడకుండా లోపలికొచ్చి కూర్చుంటారు. పత్తి ఏరే రోజుల్లో పగలు పెడితే కూలికి పోయేవాళ్లెవరూ రారు. సాయంత్రం పెట్టండి. డప్పు చాటింపులో 'గ్రామసభ ఉంది' అని ఊరుకోకుండా 'చెత్త జాగా ఎక్కడో తేల్చే సభ' అని చెప్పించండి.

అసలు ఎకరం కావాలా అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. తడి చెత్త ఇంటి దగ్గరి గుంతలోనో పెంటకుప్పలోనో ఆగిపోతే, ప్లాస్టిక్, గాజు, ఇనుము వేరుచేసి అమ్మితే, యార్డుకు వచ్చేది చాలా తగ్గుతుంది. వేరుచేసే షెడ్డుకు, ఎరువు గుంతలకు కొన్ని గుంటలు చాలు. చోటు ఎంచడం కంటే తర్వాత నడపడమే పెద్ద పని. ఎవరు తాళం తీస్తారు, కోళ్ల దుకాణాల వ్యర్థం ఎక్కడికి పోతుంది, నిప్పు పెడితే ఎవరు అడగాలి? ఇవన్నీ షరతులుగా తీర్మానంలోనే రాయించండి. పంచాయతీలో ఉండవలసిన స్టాండింగ్ కమిటీల్లో పారిశుద్ధ్యం, డంపింగ్ యార్డు, శ్మశానం చూసుకునేది ఒకటుంది. మీ ఊళ్లో అది కాగితానికే ఉంటే లేపండి, అందులో వాడ ఆడవాళ్లను, సంఘం వాళ్లను కూర్చోబెట్టండి. మీకు దగ్గర్లోనే గీసుకొండ మండలం గంగదేవిపల్లి ఉంది. ఒక్కో పనికి ఒక్కో కమిటీ పెట్టుకుని నడిపిన ఊరు. మీ వార్డు సభ్యుల్ని ఒకరోజు బస్సెక్కించి తీసుకెళ్లండి. వెయ్యి మాటలు చెప్పే బదులు అక్కడివాళ్లతో ఒక పూట కూర్చోనివ్వండి.

బంచరాయి ఆక్రమణలను ఒక్కసారే ఖాళీ చేయించాలన్న ఆవేశం మీ ఉత్తరం ఆరో పేజీలో కనిపించింది. ఆ అధికారం మీది కాదు, రెవెన్యూది. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ప్రకారం నోటీసిచ్చి, జవాబు విని, ఆ తర్వాతే కదిలించాలి. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూములను తిరిగి ఊరికి అప్పగించేలా పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. పంజాబ్‌లో పాటియాలా జిల్లాలోని ఒక ఊరి చెరువు జాగా మీద మొదలైన కేసది. ఎన్నేళ్లుగా అనుభవిస్తున్నా, ఎంత పలుకుబడి ఉన్నా అది కారణం కాదని అందులో స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో, భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వ ఉత్తర్వు మేరకు కౌలుకిచ్చిన భూముల వంటి ప్రత్యేక సందర్భాల్లో క్రమబద్ధం చేయడానికి కొద్దిపాటి చోటు ఉంచింది. మీ ఊరి నాలుగు అరెకరాలకు అలాంటి ఉత్తర్వేదీ లేకపోవచ్చు. అయినా ఐదెకరాలనూ అరెకరాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మామూలుగా ఏమవుతుందంటే, ఖాళీ చేయించడం అరెకరాల దగ్గర మొదలై ఐదెకరాల దాకా రాకముందే ఆగిపోతుంది. మీరు మొదలుపెడితే ఆ వరసను తిప్పాలి. ఆ వరసలో మీ ఇంటి భూమి ఎక్కడుంటుందో మీకు తెలుసు.

అసలు కష్టం ఇక్కడుంది. మీరు 'మా బావగారి ఆక్రమణ' అని రాశారు. మీ పిల్లల ఫీజుల్లోకి ఆ పత్తి పైసలు వచ్చినప్పుడు అది మీ ఇంటిది కూడా. తప్పు మోపడానికి చెప్పడం లేదు, మీరే రాశారు కాబట్టి ఆ నిజాయితీని పట్టుకునే చెబుతున్నాను. గ్రామసభలో మీరు నోరు తెరవగానే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వాళ్లు అనడానికి ముందే మీరు చెబితే అది వివరణ అవుతుంది. వాళ్లు అన్నాక చెబితే సంజాయిషీ అవుతుంది. 'బంచరాయిలో మా ఇంటివాళ్లు రెండెకరాల పది గుంటలు దున్నుతున్నారు. కొలతలో అదీ వస్తుంది. దాని మీద చర్చ జరిగేటప్పుడు నేను అధ్యక్షత వహించను, ఉపసర్పంచి వహిస్తారు' అని చెప్పి మినిట్స్‌లో రాయించండి.

ఈ మాట మీ బావగారు మొదటిసారి గ్రామసభలో వినకూడదు. మీరూ మీవారూ కలిసి ముందే ఇంటికి వెళ్లండి, మీ తోడికోడలు కూడా కూర్చోవాలి. వదిలేయమని మొదలుపెట్టకండి. సర్వే వస్తోందనీ, మన భూమి కూడా కొలుస్తారనీ, మీకు తెలియకుండా జరగకూడదని వచ్చామనీ చెప్పండి. మామగారు దున్నిన నేల అది, ఆయనకు దానిమీద మమకారం ఉంటుంది. ఈ పంట ఏరుకున్నాక తానే వదిలేస్తానని ఆయన సభలో అంటే ఆ గౌరవం ఆయనకే దక్కాలి, మీరు పంచుకోవద్దు. ఆ రెండెకరాల మీదే ఆ ఇల్లు బతుకుతోందా, ఇంకా పట్టా భూమి ఉందా అన్నది మీరు రాయలేదు. వేరే ఆధారం లేకపోతే ఒక పంటకారు గడువు అడగడంలో తప్పులేదు, ఆ గడువు ఎనిమిది కుటుంబాలకూ ఒకటే కావాలి.

ఆయన ఒప్పుకోకపోవచ్చు. మాటలు ఆగిపోవచ్చు, పండక్కి ఇంటికి రాకపోవచ్చు. మీవారు ఇద్దరి మధ్యా నలుగుతారు. మాజీ నాయకుడి ఐదెకరాల జోలికి వెళ్తే మీ మీద ఫిర్యాదులు పడతాయి. ఆ బరువు మోసేది మీరే కనుక నాలుగో దారి పట్టితీరాలని దూరంగా కూర్చుని నేననలేను. అంత బలం ఇప్పుడు లేదనిపిస్తే చిన్న అడుగు ఒకటుంది. బంచరాయి కొలతను తర్వాతి గ్రామసభకు వాయిదా వేసి, ఇప్పటికి యార్డు స్థలం ఒక్కటే సక్రమంగా తేల్చండి. వాడ పక్క జాగా వద్దని, వాగు దూరం, ఇళ్ల దూరం కారణాలుగా చూపి కార్యదర్శి రాసిన తీర్మానాన్ని వెనక్కి పంపండి. దీనివల్ల బంచరాయి మీద మీ మాట కొంత పలచబడుతుంది, పెద్దలకు సర్దుకునే సమయం దొరుకుతుంది. కాని వాడకు జరగబోయే నష్టం ఆగుతుంది. రెండింట్లో ఏది ఆగలేనిదని నన్నడిగితే, వాడ సంగతే అంటాను.

మీవారితో ఈ ఉత్తరం సంగతి చెప్పారో లేదో రాయలేదు. చెప్పకపోతే ముందు అది చెయ్యండి. అన్నను పోగొట్టుకుంటానన్న ఆయన భయం చిన్నది కాదు, మీరు తన పక్కన నిలబడి మాట్లాడతారని తెలిస్తే కొంత తగ్గుతుంది.

రేపు పొద్దున కార్యదర్శిని పంచాయతీ ఆస్తుల రిజిస్టరు తెమ్మనండి. అందులో బంచరాయి ఎన్ని ఎకరాలుగా రాసి ఉందో మీరే చదవండి. సర్వే దరఖాస్తు మీద సంతకం పెట్టండి. ఆ అబ్బాయి నంబరు మీ దగ్గర ఉందని రాశారు. సర్వేయరు వచ్చే తేదీ ఖాయం కాగానే అతనికి ఫోన్ చేసి, కొలత గొలుసు ఒక కొస పట్టుకోవడానికి రమ్మనండి.